చావింటి వంతు

యంత్రాలను కొట్టే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఇంట్లో రేడియోను కొడితే పాడేది, ఫ్యానును కొడితే తిరిగేది, నన్ను కొడితే ఎక్కాలు వచ్చేవి. కొట్టడం కూడా ఒక రకం రిపేరే అని నమ్మి పెరిగాను. కర్నూలులో మిద్దె మీది అద్దె గదిలో కంప్యూటర్ పని చేసుకునే రోజుల్లోనూ ఆ నమ్మకం పోలేదు. ఒక కీబోర్డును గోడకేసి కొట్టి ముక్కలు చేశాను. ఒక మౌసును కిటికీలోంచి విసిరితే కింద వీధిలో పోతున్న ఎనుము వీపు మీద పడింది. ఆ ఎనుము గలాయన మెట్లెక్కి వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినది అర్థం కాదు. ఎవరో రాసిన ప్రోగ్రామును రకరకాల కంప్యూటర్ల మీద నడిచేటట్టు తయారుచేసి మూట కట్టి పంపడం నా పని. ఆ మూటనే ప్యాకేజీ అంటాం. కంప్యూటర్ల లోపల ఉండే ప్రాసెసర్లు అన్నీ ఒక జాతివి కావు. బల్ల మీద పెట్టుకునే పెద్ద కంప్యూటర్లలో ఉండేది ఒక జాతి, ఫోన్లలోనూ అరచేతిలో పట్టే చిన్న బోర్డుల్లోనూ ఉండేది ఇంకో జాతి. మనిషి రాసింది ఒకటే అయినా, ఒక జాతికి కట్టిన మూటను ఇంకో జాతి దగ్గర విప్పితే నడవదు. పిండి ఒకటే, పెనాలు వేరు, ఏ పెనానికి తగ్గట్టు ఆ పెనం మీద కాల్చాలి. నేను పదిహేనేళ్లుగా ఈ రొట్టెలు కాలుస్తున్నాను.

మా పనిలో వాడే మాటలు కూడా మెత్తనివి కావు. నడుస్తున్న ప్రోగ్రామును ఆపడాన్ని చంపడం అంటాం. దాని నుంచి పుట్టిన చిన్న ప్రోగ్రాములను పిల్లలు అంటాం. ఒకసారి ఊర్లో ఉన్నప్పుడు తోటి పనివాడికి ఫోనులో "ముందు దాన్ని చంపు, తర్వాత పిల్లల్ని కూడా చంపేయ్, ఒక్కటి మిగలగూడదు" అని గట్టిగా అరుస్తుంటే మా నాయన విన్నాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. కోడుమూరు వైపు ఊళ్లలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాటలు ఎవరో నిజంగా అనగా విన్న జ్ఞాపకం ఉంటుంది. ఆయనకు సర్ది చెప్పేసరికి నాకు తాతలు దిగి వచ్చారు.

మా నాయన కుడికాలు వంకర. నీళ్ల వంతు దగ్గర వచ్చిన వంకర అది. మా వైపు పదకొండు చేండ్లకు కలిపి రెండు బోర్లు. రెండూ ఒక తొట్టిలోకి పోస్తాయి, తొట్టి నుంచి పైపులైను చేను చేనుకూ పోతుంది. పగలు ఇచ్చే కరెంటు ఉన్నంతసేపే నీళ్లు. ఎవరి వంతు ఎంతసేపు అన్నదాని మీద ప్రతి ఎండాకాలం ఏదో ఒక తల పగిలేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మాకు మూడు చేండ్ల అవతలి పెద్దాయన మా నాయన మోకాలి కింద పారతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండిన కంది కట్టె విరిచినట్టు ఉంది. కొట్టిన ఆయనే వెంటనే పార పారేసి, మా నాయనను భుజాన వేసుకుని, ఏడుస్తూ కోడుమూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మా నాయన ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు పార అంచుతో కాక వెనక వైపుతో కొట్టాడని, అది ఆయన మంచితనమని అంటాడు. మా అన్న మాత్రం ఆ సంగతి వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోతాడు.

ఆ పెద్దాయన కొడుకు, నేను ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లం. మా నాయన కాలు విరిగిన మర్నాడు బడిలో నేను వాడి ముక్కు పగలగొట్టాను. వాడు నెత్తురు తుడుచుకుని, "ఇప్పుడు సరిపాయెనా?" అని అడిగాడు. సరిపోయింది. అప్పటి నుంచీ వాడూ నేనూ స్నేహితులమే.

ఈ కొట్లాటలు చూసి చూసి విసిగి, మూడేళ్ల కింద నేనే ఒక పెట్టె చేశాను. చేను చేనుకూ కరెంటుతో తెరుచుకునే వాల్వు బిగించి, మోటారు షెడ్డులో ఒక పాత కంప్యూటర్ పెట్టి, ఎవరి వంతు ఎన్ని నిమిషాలో అందులో రాశాను. వంతు రాగానే వాల్వు తానే తెరుచుకుంటుంది, నిమిషాలు అయిపోగానే తానే మూసుకుంటుంది. అందరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు కూడా పెట్టించాను. ఇక మీదట ఎవరూ వాల్వు మీద చెయ్యి పెట్టకూడదు, తన చేనుదైనా సరే, పక్కవాడిదైనా సరే. చెయ్యి పెట్టినవాడు దొంగ కింద లెక్క. మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. మూడు ఎండాకాలాలు ఒక్క తల పగల్లేదు. నాకు గర్వం తలకెక్కింది, దాచడం ఎందుకు.

మా ఊర్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఇంట్లోనైనా చావు జరిగితే పదకొండో దినం దాకా ఆ ఇంటివాళ్లు చేనులో అడుగు పెట్టరు, పార పట్టరు. అన్ని రోజులూ ఆ ఇంటి నీళ్ల వంతు ఆగిపోతుంది, ఆ నిమిషాలను మిగతా పది చేండ్లూ పంచుకుంటాయి. పెట్టెకు ఈ సంగతి నేర్పాలి కదా. వంతు నిమిషాల చోట మైనస్ ఒకటి అని రాస్తే అది చావిల్లు అని అర్థం, దాని వాల్వు తెరవొద్దు అని రాశాను. సున్నా పెట్టొచ్చు కదా అని మీరు అడగొచ్చు. సున్నా అంటే ఆ చేనులో పంట లేదని అర్థం, అది వేరే. పంట ఉండి, ఇంట్లో చావు ఉండడం వేరే. ఇంత వివరంగా ఆలోచించాను కాబట్టే నన్ను నేను మెచ్చుకున్నాను. అది సరిగ్గా పనిచేస్తున్నదో లేదో చూసే పరీక్ష కూడా రాసి, దానికి చావిల్లు అనే పేరు పెట్టాను.

పోయిన చలికాలంలో షెడ్డులోని పాత కంప్యూటర్ చచ్చింది. ఎండకూ దుమ్ముకూ తోడు లోపల బల్లి గుడ్లు పెట్టింది. దాని చోట అరచేయంత బోర్డు పెడదామనుకున్నాను. ధర తక్కువ, వేడి తక్కువ, కరెంటు తక్కువ. ప్రాసెసర్ జాతి వేరు, అంతే. జాతులు మార్చడమే కదా నా వృత్తి. కర్నూలులోని నా పెద్ద కంప్యూటర్ మీదే ఆ చిన్న బోర్డుకు మూట కట్టాను. పెద్ద యంత్రం చిన్న యంత్రంలా నటిస్తూ ఆ మూటను పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. నటన కాబట్టి శానా నిదానం. పరీక్షలన్నీ అయ్యేసరికి సగం దినం పట్టేటట్టు ఉంది, ఈలోపల రెండుసార్లు కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది. నాకు ఒళ్లు మండింది. బల్లను గుద్ది, పరీక్షలు వద్దు అని ఒక్క మాట టైపు చేసి మూట కట్టేశాను. కట్టేటప్పుడు కొన్ని హెచ్చరికలు వచ్చాయి. ఫలానా వరుసలో నువ్వు అడిగే ప్రశ్నకు ఎప్పటికీ అవును అనే జవాబు రాదు అని ఒకటి ఉంది. దాన్ని నేను చూశాను. చూసి దాటేశాను. రోజూ వందలు చూస్తాను అలాంటివి.

బోర్డు మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఆ మూడు నెలల్లో ఆ పదకొండు ఇళ్లలో ఎవరూ చావలేదు.

ఎండాకాలం మొదట్లో నా స్నేహితుడి నాయన పోయాడు, మా నాయన కాలు విరిచిన పెద్దాయనే. పొద్దున చేనుకు పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పెళ్లాంతో ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను కర్నూలు నుంచి పోయి, స్నేహితుడి పక్కన నిలబడి, సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ, ఫోనులోనే ఆ ఇంటి వంతును మైనస్ ఒకటి చేశాను. ఆయనకు నేను చేయగలిగిన మర్యాద అదొక్కటే అనిపించింది.

నాలుగో దినం మా అన్న ఫోను చేశాడు. అన్న చేను పైపులైనులో అన్నిటికంటే చివరిది. అప్పుడు టమాటా కాయ ఊరే దశలో ఉంది, రెండు తడులు తప్పితే పత్తికొండ మార్కెట్టుకు పోవలసినదంతా చేనులోనే ముడుచుకుపోతుంది.

"ఒరేయ్, నీ పెట్టె ఏం చేస్తాండాదో నీకు తెలుసా? చావింటి చేన్లో నీళ్లు పారతాండాయి. మూడు దినాల్నుంచి ఇదే కత. దినానికి నాలుగుంపావు గంటలు, గడియారం పెట్టుకోని చూసినా. కింద నాలుగు చేండ్లకు చుక్క రాల్యా. నా తోట ఎండిపోతాండాది."

"పారవు. ఆ వంతు నేనే ఆపేసినా. ఈడ నా ఫోన్లో కనపడతాండాది."

"నా కండ్లకు నీళ్లు కనపడతాండాయి గదరా!"

నాకు కోపం వచ్చింది. నా పనిని ఎవరైనా వేలెత్తి చూపితే నాకు కళ్లు కనపడవు. అన్నను ఫోనులోనే ఉంచి, అదే ప్రోగ్రామును నా పెద్ద కంప్యూటర్ మీద నడిపి చూశాను. చావిల్లు అనగానే బుద్ధిగా ఆగింది.

"నా ప్రోగ్రాములో తప్పు లేదు," అన్నాను. "ఇప్పుడే నడిపి చూసినా. నీళ్లు పారతాండాయంటే ఎవడో చెయ్యి పెట్టినాడు. పోయి వాన్ని పట్టుకో, నన్ను గాదు."

ఫోను పెట్టేశాను. నాలుగుంపావు గంటలంటే రెండువందల యాభై అయిదు నిమిషాలు. నా వృత్తిలో ఉన్నవాడికి ఆ అంకె చెవిన పడితే గుండె ఆగాలి. నేను వినలేదు. అరుస్తున్నవాడికి ఏం వినపడుతుంది?

మా అన్న కింది నాలుగు చేండ్లవాళ్లలో ఇద్దరిని వెంట పెట్టుకుని చావింటికి పోయాడు. చావింటికి తగాదాతో పోవడం మా వైపు ఎవరూ చేయని పని. వీధిలోనే నిలబడి, మీ చేన్లో నీళ్లు పారుతున్నాయి, ఆపుకోండి అని చెప్పాడట. లోపలి నుంచి నా స్నేహితుడి తల్లి, మేం పెద్దమ్మ అని పిలిచే ఆమె గొంతు వినిపించిందట, "ఆపొద్దు. ఎవరూ ఆపొద్దు. పారనీండి."

తెలిసీ ఆపొద్దు అంటోందంటే ఇంకేం కావాలి అనుకున్నాడు అన్న. నా స్నేహితుడు గడప దాటి బయటికి వచ్చాడు. "మాకేం తెల్దన్నా. మేం చేన్లోకి పోనేల్యా" అన్నాడట.

"పెట్టె చేసింది నా తమ్ముడు. వాడే చెప్తాండాడు, ఎవడో చెయ్యి పెట్టినాడని. మీరు గాక ఇంగెవరు పెట్టినార్రా? మీ నాయన కాలు ఇరిసె, నువ్వు నీళ్లు దొంగలిస్తాండావు. పీనుగ పోయి నాలుగు దినాలు గాల్యా!"

నాయన పేరెత్తగానే వాడు మా అన్న చొక్కా పట్టుకున్నాడు. మా అన్న చేతిలో టమాటాలకు ఊతం పాతే కట్టె ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద పడింది. మూడోది ఎడమ కంట్లో దిగింది. కట్టెకు కొనదేలిన కణుపు ఒకటి ఉంది. కింద పడ్డాక కూడా ఇద్దరు తన్నారు. వాడు నేల మీద కూర్చుని కంటి మీద అరచేయి పెట్టుకుంటే వేళ్ల మధ్య నుంచి నెత్తురు, దాంతో పాటు నీళ్లలాంటిది ఇంకేదో కారిందని చూసినవాళ్లు చెప్పారు. చావింటి ముందర నెత్తురు పడింది. దానిమీద పెద్దమ్మ వచ్చి పడింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో వాడిని చూశాను. కన్ను పోయిందని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఎట్లా తగిలింది అని అడిగితే గట్టు మీద జారి పడ్డానని రాయించుకున్నాడు. పోలీసుల దాకా పోలేదంటే ఏమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. లెక్క ఇళ్లల్లోనే తేల్చుకుంటారు అని.

వాడు మిగిలిన కంటితో నన్ను చూసి ఒకటే అడిగాడు. "చెయ్యి పెట్టినారని నువ్వే అన్న్యావంట. అన్న్యావా?"

"అన్నా."

వాడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పటిలా సరిపోయేది.

ఆరో దినం పొద్దున్నే నేను చేను చేనూ చూసుకుంటూ షెడ్డుకు పోయాను. వాల్వుల మీద ఎవరి చెయ్యీ పడిన గుర్తు లేదు, వాటికి నేను వేసిన సీళ్లు వేసినట్టే ఉన్నాయి. గోనెసంచి పరుచుకుని కూర్చుని, నేను చలికాలంలో వద్దన్న పరీక్షలన్నీ ఆ బోర్డు మీదే నడిపించాను. నటించే పెద్ద యంత్రం కాదు, అసలు యంత్రం. పైన రేకులు కాలుతున్నాయి, చెమట కీబోర్డు మీద కారుతోంది. ఒక్కొక్క పరీక్షే గెలుస్తూ వచ్చింది. చావిల్లు దగ్గర ఓడిపోయింది. నీళ్లు ఆగాలి, ఆగలేదు అని చూపించింది. దాని పక్కనే రెండువందల యాభై అయిదు.

ఎట్లా జరిగిందో చెబుతాను. నిమిషాలు రాయడానికి నేను వాడింది అన్నిటికంటే చిన్న గడి, ఎనిమిది బల్బులు పట్టేంత. మైనస్ ఒకటి అంటే ఎనిమిదీ వెలగాలి. పెద్ద కంప్యూటర్ల జాతిలో ఆ గడిలో మైనస్ అంకెలు కూడా ఉంటాయని అనుకోవడం ఆనవాయితీ. చిన్న బోర్డు జాతిలో ఆ గడిలో మైనస్ అనేదే లేదు, సున్నా నుంచి పైకి లెక్కపెట్టడమే ఆనవాయితీ. ఎనిమిదీ వెలిగితే దానికి రెండువందల యాభై అయిదు. ఇందులో మైనస్ ఉంటుంది అని నేను ఒక్క మాట రాసి ఉంటే రెండు జాతులూ వినేవి. నేను రాయలేదు. దానికేం తెలుసు పాపం, చావిల్లని? శ్రద్ధగా రోజూ నాలుగుంపావు గంటలు నీళ్లు పోసింది.

మోటారు ప్యానెల్ మీద గుద్దాను. ఇనుప రేకు. రెండు వేళ్ల కణుపులు చితికాయి, ఇప్పటికీ ఆ రెండూ సరిగా ముడవవు. ఆ నెత్తురు చేతితోనే ఆ ఒక్క మాటా టైపు చేసి, మూట మళ్లీ కట్టి, బోర్డులో పెట్టాను. మధ్యాహ్నానికి చావింటి చేనులో నీళ్లు ఆగిపోయాయి. అన్న తోటకు నీళ్లు ఎక్కాయి. నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా బస్సెక్కి కర్నూలు వచ్చేశాను.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను. నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. తప్పు సరిదిద్దాను కదా, ఇక చెప్పి ఏం లాభం, పోయిన కన్ను వస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు సిగ్గు. సిగ్గు కంటే ఎక్కువ భయం.

పదో దినం మా నాయన ఫోను చేశాడు. నీళ్లు ఎట్లా ఆగిపోయాయో ఊరంతా చెప్పుకుంటున్నారట. నాలుగు దెబ్బలు పడేసరికి దొంగలు చెయ్యి తీసేశారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అని. వాళ్ల ఆడపిల్లలు బిందెలు పట్టుకుని పోతుంటే నీళ్ల దొంగలు అని వినపడేటట్టు అన్నారట. అది విని నా స్నేహితుడి మేనమామ కోయిలకుంట్ల నుంచి రెండు జీపుల్లో మనుషుల్ని తెచ్చాడు. పదకొండో దినం భోజనాలు కానిచ్చి మా అన్నను నరుకుతామని మా గడప ముందరికే వచ్చి చెప్పి పోయాడు. అన్న కూడా కొడవలి నూరి మంచం కింద పెట్టుకున్నాడు.

నేను చెప్పకుండా చేసిన రిపేరు వాడి ఇంటి మీద దొంగ ముద్ర వేసింది. ఇంకా చెప్పకపోతే మా అన్న చస్తాడు, లేదా మా అన్న ఇంకొకరిని చంపుతాడు.

పదకొండో దినం పొద్దున్నే ఊర్లో దిగాను. ముందు అన్నకు చెప్పాను, తోటలోనే. ఆయన టమాటాలకు కట్టెలు సర్దుతున్నాడు. చెప్పడం అయ్యేదాకా తల తిప్పలేదు.

"అంటే వాడు చెయ్యి పెట్టల్యా?"

"పెట్టల్యా."

"నువ్వు ఫోన్లో చెప్పితివి గదరా! నువ్వు చెప్పినందుకే గదరా నేను పోయింది!"

ఇక మాటలు లేవు. నా ముఖం మీద పిడికిలితో గుద్దాడు. పన్ను ఒకటి ఊడి నోట్లోనే తిరిగింది. నేను పడిపోతే లేపి మళ్లీ కొట్టాడు. ఒక్కో దెబ్బకూ "కన్ను పోయె గదరా, వాని కన్ను పోయె గదరా" అని అరుస్తూ కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. చివరికి ఆయనే అలిసిపోయి, తన టమాటా వరుసల మీదే కూలబడి, చేతికందిన మొక్కలన్నీ వేళ్లతో సహా పీకేశాడు. ఆ నీళ్ల కోసమే కదా అంతా.

నేను నోరు కడుక్కుని, సంచిలో నా ల్యాప్‌టాప్, ఇంకో చిన్న బోర్డు వేసుకుని చావింటికి నడిచాను. మా నాయన కర్ర పట్టుకుని కుంటుతూ వెనకే వచ్చాడు. వద్దన్నా వినలేదు.

పందిరి కింద అందరూ ఉన్నారు. నా స్నేహితుడికి అప్పుడే గుండు చేశారు, కంటి కట్టు తగలకుండా మంగలి చుట్టూ జాగ్రత్తగా గీశాడు. నన్ను చూడగానే మేనమామ లేచాడు. నా వీపు మీద ఎవరో తన్నితే బోర్లా పడ్డాను. సంచి మాత్రం గుండెకు అదుముకున్నాను.

"యాడికొస్తాండావప్పా? మీ ఇంట్లో గూడా చావు కావాల్నా?" అన్నాడు మేనమామ.

"కొట్టాలనుంటే నన్ను కొట్టండి," అన్నాడు మా నాయన వంకర కాలు ముందుకు పెట్టి. "నాకు అలవాటే. వాన్ని మాట్లాడనీండి."

నా స్నేహితుడు చెయ్యెత్తాడు. తన్నులు ఆగాయి.

నేను నేల మీదే కూర్చుని రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టాను. రెండిట్లో ఒకటే ప్రోగ్రాము, చలికాలంలో నేను కట్టిన పాతది. రెండిట్లోనూ మైనస్ ఒకటి పెట్టాను. పెద్దది ఆగు అంది. చిన్నది రెండువందల యాభై అయిదు నిమిషాలు అంది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. మేనమామ వంగి చూసి, "ఇంగోసారి" అన్నాడు. ఇంకోసారి చేశాను.

"తప్పు నాది," అన్నాను. "ఈ ఇంటోళ్లు ఎవరూ చెయ్యి పెట్టలేదు. పరీక్ష చెయ్యకుండా పెట్టింది నేను, అడిగితే నాది తప్పు కాదని అరిసింది నేను, తెలిసినంక దాచిపెట్టింది నేను."

పన్ను ఊడిన నోట్లో మాట సరిగా పలకలేదు. నా స్నేహితుడు, "ఇంగ గట్టిగా చెప్పు. వీధిలోకి ఇనపడాల" అన్నాడు. నేను లేచి నిలబడి, వీధి వైపు తిరిగి మళ్లీ మొత్తం చెప్పాను. వీధిలో జనం గుమిగూడారు. మా అన్న వాళ్ల వెనకాల వట్టి చేతులతో, మట్టి వేళ్లతో నిలబడి ఉన్నాడు. మేనమామ అతన్ని చాలాసేపు చూసి, తన మనుషుల్ని జీపుల్లో ఎక్కమన్నాడు. ఎవరూ ఎవరినీ క్షమించలేదు. నరకలేదు, అంతే.

అప్పుడు పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. గోడ పట్టుకుని, ఆ రెండు యంత్రాల ముందర కూర్చుంది. చిన్న బోర్డును వేలితో ముట్టుకుంది.

"ఇదేనా నాయనా నీళ్లు ఇడిసింది?"

"ఇదే పెద్దమ్మా."

"ఇంగెవరూ గాదా?"

"ఎవరూ గాదు."

ఆమె ఆ రోజు ఎందుకు ఆపొద్దు అందో అప్పటిదాకా మాలో ఎవరమూ అడగలేదు.

"ఎవరూ వాల్వు ముట్టల్యా, మేమెవరం చేన్లోకి పోల్యా. నీళ్లు వాటంతటవే వస్తాండాయంటే ఆయనే వచ్చి ఇడుస్తాండాడు అనుకుంటి. నాతో ఒక మాట గూడా చెప్పకుండా పాయె గదా, అందుకని దినమూ వచ్చి పోతాండాడు అనుకుంటి. ఆరో దినం నిలిచిపాయె. కొడుకు నెత్తురు చూసి అలిగి పాయెనేమో అని, అన్నం ముందర పెట్టుకోని ఏడిస్తి."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నువ్వు చెప్పకపోయింటే నా కొడుకు దొంగ అయ్యుండు. చెప్పినావు, మంచి పని చేసినావు," అంది. "నా మొగుడు మాత్రం ఈ పొద్దు సచ్చిపాయె నాయనా."